పాతబస్తీకి దాని వాన సూచన కావాలి: తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శికి బహిరంగ లేఖ



వర్షాకాలం ముగిసిందని లెక్కలు చెప్పిన తరువాత బంగాళాఖాతం నుంచి వచ్చే తుఫాను వానలను హైదరాబాద్ పాతబస్తీకి ఎంత ముందుగా, ఎంత వివరంగా, ఏ భాషలో చెప్పాలన్నదే ఈ లేఖ విషయం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం రాష్ట్ర కార్యనిర్వాహక సంఘానికి ప్రధాన కార్యదర్శినే అధ్యక్షులుగా నిర్ణయించింది కనుక ఈ లేఖ ఏ ఒక్క శాఖకూ కాక ఆ పదవికి ఉద్దేశించినది. ఆకాశం సంగతి చెప్పేది కేంద్ర ప్రభుత్వానికి చెందిన భారత వాతావరణ శాఖ. నేల మీద పడిన వానను గంటగంటకూ కొలిచేది రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సంస్థ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తేది జలమండలి. చెరువు కట్టలను చూసేది నీటిపారుదల శాఖ. నాలాలు నగరపాలక సంస్థవి, సహాయ బృందాలు 2024లో ఏర్పడిన విపత్తు స్పందన సంస్థ హైడ్రావి. ఈ ఆరు కార్యాలయాల వద్ద ఉన్న సమాచారం ఒకచోట చేరి, ఒకే మాటగా మారి, పాతబస్తీలోని హఫీజ్ బాబా నగర్‌లో ఒక ఇంటికి సకాలంలో అందితేనే అది సూచన అనిపించుకుంటుంది. అలా అందే బాధ్యత ఆ ఆరింటిలో దేనికీ పూర్తిగా లేదు.

సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు సాగే ఈ కాలానికి తనదైన స్వభావం ఉంది. నైరుతి ఋతుపవనాలు వాయవ్య భారతం నుంచి వెనుదిరుగుతూ దక్షిణానికి జరిగే ఈ రోజుల్లో బంగాళాఖాతం ఉపరితలం ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనం వల్ల లేచిన తేమ గాలులు ఒకచోట కూడి, చుట్టుపక్కల కన్నా వాయుపీడనం తగ్గితే దానిని అల్పపీడనం అంటారు. అది బలపడి గాలివేగం గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండమని, 50 దాటితే తీవ్ర వాయుగుండమని, 62 మించితే తుఫాను అని వాతావరణ శాఖ పిలుస్తుంది. ఈ పేర్లన్నీ గాలివేగాన్ని బట్టి పెట్టినవే తప్ప వాన పరిమాణాన్ని బట్టి పెట్టినవి కావన్న సంగతిని పాతబస్తీ వంటి ప్రాంతం ప్రత్యేకంగా గుర్తించవలసి ఉంది. తీరానికి 250 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న నగరానికి గాలి దాదాపు చేరదు, వాన మాత్రం చేరుతుంది. తుఫానుగా పేరు కూడా పొందని ఒక వాయుగుండం పెద్ద తుఫాను కన్నా ఎక్కువ నీటిని దక్కను పీఠభూమి మీద కుమ్మరించిపోగలదు.

దేశమంతటా ఋతుపవన వర్షపు లెక్క జూన్ 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. గణాంకాల కోసం ఏర్పరచిన ఈ గడువు పరిపాలనకు కూడా గడువుగా మారిపోవడం, అక్టోబరు నెల పండుగల నెలగా మాత్రమే కనిపించడం విచారకరం. తెలుగు రైతుల లెక్క ఇంతకన్నా జాగ్రత్తగా ఉండేది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే సుమారు 13 లేదా 14 రోజుల కాలాన్ని కార్తె అంటారు. సెప్టెంబరు 27 ప్రాంతంలో ప్రవేశించే హస్త, ఆ తరువాతి చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు కూడా వాన కార్తెలే. 1908 నాటి మూసీ వరద హస్త కార్తెలో వచ్చింది, 2020 అక్టోబరు వరదలు చిత్తలో వచ్చాయి, 2025 అక్టోబరు 28 రాత్రి ఆంధ్ర తీరం దాటి మరునాడు వరంగల్, హనుమకొండ నగరాలను ముంచిన మొంథా తుఫాను స్వాతిలో వచ్చింది. కార్తె ఏ రోజు ఎంత వాన పడుతుందో చెప్పలేదు, అది శాస్త్రీయ సూచనకు ప్రత్యామ్నాయమూ కాదు. అయితే జాగ్రత్తగా ఉండవలసిన కాలం ఎప్పటివరకో ఆ పాత లెక్కకు తెలుసు.

1908 సెప్టెంబరు 28 సంగతి పాతబస్తీలో ఇప్పటికీ ఇంటింటా తెలిసినదే. దాదాపు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయిన ఆ వరద అనంతరం ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. కొట్టుకుపోయిన వంతెనల కన్నా ముందు ఆయన దృష్టి వర్షమాపకాల మీద, ఎగువ చెరువుల మీద పడింది: శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు కురిసిందని, పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని, నదిలో సెకనుకు సుమారు 4.25 లక్షల ఘనపుటడుగుల నీరు ప్రవహించిందని ఆయన లెక్కగట్టారు. పరీవాహకం అంటే ఏ నేల మీద పడిన వాన ఒకే ప్రవాహంలోకి చేరుతుందో ఆ నేలంతా. నగరంలో కురిసిన వాన వల్ల కాక నగరానికి పడమటగా, నైరుతిగా కురిసిన వాన వల్లనే, అదీ చెరువులు ఒకదాని వెనుక ఒకటి తెగడం వల్లనే ఆ వరద అంతటిదైందని ఈ లెక్కలు చెబుతున్నాయి. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన నుంచే పుట్టాయి. నూటపదిహేనేళ్లకు పైబడిన విశ్వేశ్వరయ్య నివేదిక పద్ధతి, అంటే వానను, చెరువును, నదిని ఒకే లెక్కలో చూడడం, నేటి సూచనలకు కూడా ఆదర్శం కావలసినదే.

2020 అక్టోబరు 13 ఉదయం 6:30, 7:30 గంటల మధ్య ఒక తీవ్ర వాయుగుండం కాకినాడ సమీపంలో తీరం దాటింది. అక్కడి నుంచి హైదరాబాద్ గాలిదారిన సుమారు 400 కిలోమీటర్లు. వాయుగుండం కేంద్రం నగరం దాకా రావడానికి చాలా గంటలు పట్టినా, దాని ముందు సాగే మేఘపు పట్టీలు ఆ మధ్యాహ్నానికే నగరం మీదికి చేరి అర్ధరాత్రి దాటేదాకా వదలలేదు. మరునాటి ఉదయం 8:30 గంటలతో ముగిసిన 24 గంటల్లో బేగంపేట కేంద్రంలో 19 సెంటీమీటర్లకు పైగా వాన నమోదై, అక్టోబరు నెలకు 1903 నుంచి నిలిచి ఉన్న రికార్డును చాలా దూరం దాటిపోయింది. అదే సమయంలో నగరానికి తూర్పున ఘట్‌కేసర్ ప్రాంతంలోని ఒక స్వయంచాలక కేంద్రం 32 సెంటీమీటర్లు చూపింది. తెలంగాణలో భారీ నుంచి అతి భారీ వర్షాలు కురుస్తాయన్న హెచ్చరిక ముందుగానే వెలువడింది కాబట్టి ఆకాశాన్ని చదవడంలో పొరపాటు జరిగిందని ఎవరూ అనలేరు. అయినా బండ్లగూడలో గోడ కూలి ఇళ్ల మీద పడి పలువురు చనిపోయారు, పల్లెచెరువు పొంగి అల్ జుబైల్ కాలనీలో రోజుల తరబడి నీరు నిలిచింది, అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురు వరదలో కొట్టుకుపోయారు. తెలంగాణకు చేసిన హెచ్చరిక నిజమైంది, కానీ అలీనగర్‌కు హెచ్చరిక అంటూ ఒకటి లేనే లేదు.

ఇలా జరగడానికి మొదటి కారణం కొలతలోనే ఉంది. హైదరాబాద్‌లో ఇంత వాన పడిందని దేశమంతా చెప్పుకునే అంకె బేగంపేటది. పాతబస్తీలోని ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఖగోళ పరిశీలనశాల, నిజామియా వేధశాలగా పేరు పొంది, ఆయన మరణానంతరం బేగంపేటకే తరలింది. వాతావరణ పరిశీలన కూడా నగరపు ఉత్తర భాగంలోనే స్థిరపడింది. బేగంపేటకు, చార్మినార్‌కు మధ్య సుమారు 10 కిలోమీటర్లు, బేగంపేటకు, పాతబస్తీ దక్షిణ అంచున ఉన్న గుర్రం చెరువుకు మధ్య సుమారు 15 కిలోమీటర్ల దూరం. పైన చెప్పిన అక్టోబరు రాత్రి ఒకే నగర పరిసరాల్లో 19కి, 32కి మధ్య ఉన్న తేడాను చూస్తే, ఒక వర్షమాపకం చెప్పే అంకె మరో బస్తీకి ఎంత దూరం వర్తిస్తుందో తెలుస్తుంది.

గణిత నమూనాల పరిధి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. కంప్యూటర్ నమూనా అంటే వాతావరణాన్ని చదరాలుగా విభజించి, ఒక్కొక్క చదరంలో పీడనం, తేమ, గాలి, ఉష్ణోగ్రత ఎలా మారతాయో భౌతిక సూత్రాల ఆధారంగా లెక్కించే పద్ధతి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించగా 2025 మే 26న అందుబాటులోకి వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ చదరం కొలత 6 కిలోమీటర్లు. అంతకుముందటి నమూనాది 12 కిలోమీటర్లు. ప్రపంచంలోని ఇటువంటి నమూనాల్లో ఇది చాలా సూక్ష్మమైనదే, దేశం గర్వించదగినదే. అయినా మూసీ దక్షిణ ఒడ్డు నుంచి ఫలక్‌నుమా వరకు ఉన్న నేల ఆ చదరాల్లో ఒకటి రెండింటిలో ఇమిడిపోతుంది, నమూనా నమ్మకంగా చూపగల మార్పు కొన్ని చదరాల వెడల్పుది. కాబట్టి రెండు రోజుల ముందు ఏ నమూనా అయినా వాయుగుండం దారిని, రాష్ట్రంలో వాన బలాన్ని చెప్పగలదు గానీ చాంద్రాయణగుట్టలోనా, చాదర్‌ఘాట్‌లోనా అని చెప్పలేదు. ఆ వివరం ఆఖరి మూడు గంటల్లో, రాడార్ నుంచి, నేల మీది వర్షమాపకాల నుంచి మాత్రమే రాగలదు. మేఘంలోని నీటి బొట్ల మీదికి రేడియో తరంగాలను పంపి, తిరిగి వచ్చిన వాటి బలాన్ని బట్టి వాన తీవ్రతను, తరంగాల పౌనఃపున్యంలో వచ్చిన మార్పును బట్టి గాలి కదలికను కనిపెట్టే డాప్లర్ రాడార్ హైదరాబాద్‌కు ఉంది. ప్రణాళికాభివృద్ధి సంస్థకు రాష్ట్రమంతటా వెయ్యికి పైగా స్వయంచాలక కేంద్రాలున్నాయి. సామగ్రి కరువు కాదు, దానిని బస్తీ దాకా తీసుకువెళ్లే పని కరువు.

సూచనలో వాడే మాటలకు కూడా వివరణ అవసరం. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా పడితే భారీ వర్షం, 204.4 దాకా పడితే అతి భారీ, అది దాటితే అత్యంత భారీ వర్షం. పొలానికి, జలాశయానికి ఈ 24 గంటల లెక్క సరిపోతుంది. గల్లీకి సరిపోదు, ఎందుకంటే 70 మిల్లీమీటర్ల వాన రోజంతా ముసురుగా కురిస్తే పాతబస్తీ నాలాలు దానిని మోసుకుపోగలవు, అదే 70 మిల్లీమీటర్లు ఒక గంటలో కురిస్తే మోకాలి లోతు నీరు గడప దాటుతుంది, అయినా రెండింటికీ సూచనలో పేరు ఒక్కటే. అట్లాగే ఒకటి రెండు చోట్ల అన్న మాటకు ఒక ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని శాఖకు నిర్దిష్టమైన అర్థం ఉంది. వినేవారికి మాత్రం ఆ ఒకటి రెండు తమవి కావనే అనిపిస్తుంది. పసుపు, నారింజ, ఎరుపు రంగులు గమనించమని, సిద్ధపడమని, కదలమని చెప్పేవే గానీ ఎక్కడికి కదలాలో ఆ రంగులు చెప్పవు.

పాతబస్తీని ముంచే నీరు మూడు దారుల్లో వస్తుంది, మూడింటికీ మూడు వేర్వేరు గడువులున్నాయి. మొదటిది నాలా నీరు. ఈ ప్రాంతపు నేల దక్షిణాన ఫలక్‌నుమా, బాలాపూర్, జల్‌పల్లి వైపు ఎత్తుగా ఉండి ఉత్తరాన మూసీ వైపు వాలుతుంది. ఆ వాలులోని పాత వాగులే ముర్కి నాలా వంటి నేటి నాలాలు. గట్టి వాన మొదలైన గంటలోపే వీటిలో నీరు పొంగుతుంది, కాబట్టి దీనికి రాడార్ ఆధారంగా మూడు గంటలకోసారి ఇచ్చే తక్షణ సూచన ఒక్కటే ఉపయోగపడుతుంది. 2020 వరదల తరువాత 2021లో చేపట్టిన వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం వంటి నిర్మాణ పనులు ఈ మొదటి నీటికి అవసరమైన మందే. అవి వేరే చర్చకు చెందినవి.

రెండవది చెరువు నీరు, పాతబస్తీకి అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ, అన్నిటికన్నా తక్కువగా గమనింపునకు వచ్చేదీ ఇదే. ఒక చదరపు కిలోమీటరు నేల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే ఆ నీరు లక్ష ఘనపు మీటర్లు, అంటే 10 కోట్ల లీటర్లు. ఒకప్పుడు అందులో కొంత పొలాలు తాగేవి, కొంత గొలుసుకట్టు చెరువుల్లో, అంటే ఒకదాని మత్తడి నీరు మరొకదానికి చేరేలా వరుసగా కట్టిన చెరువుల్లో, ఆగేది. ఇప్పుడు ఎగువ నేలంతా కాంక్రీటు కావడంతో దాదాపు మొత్తం చెరువుకే చేరుతుంది, చెరువు శిఖం భూముల్లో ఇళ్లు వెలసినందున చెరువు పట్టే నీరు తగ్గిపోయింది. 2020 అక్టోబరు 13 నాటి వానకు గుర్రం చెరువు నిండింది. అక్టోబరు 17 సాయంత్రం మళ్లీ పెద్ద వాన వచ్చి నగరంలోని కొన్ని చోట్ల 15 సెంటీమీటర్లకు చేరింది. ఆ రాత్రి కట్ట తెగి హఫీజ్ బాబా నగర్, దాని చుట్టుపక్కల బస్తీలు మునిగాయి. మొదటి వాన కన్నా రెండవ వాన చిన్నదే, కానీ అది పడేసరికి చెరువులో చోటు లేదు. వాన సూచన ఎంత కచ్చితంగా ఉన్నా, చెరువులో ఆ రోజు ఎంత చోటు మిగిలి ఉందో తెలియకుండా వరదను చెప్పడం సాధ్యం కాదనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఆ రెండు వానల మధ్య నాలుగు రోజులున్నాయి. నిండిన చెరువు మట్టాన్ని రోజూ కొలిచి, ఇక ఇన్ని సెంటీమీటర్ల వాన పడితే మత్తడి దూకుతుందని, ఇన్ని పడితే కట్టకు ముప్పని ముందే లెక్కవేసి ప్రకటించడానికి నాలుగు రోజులు చాలా ఎక్కువ సమయం.

తెలంగాణ పల్లెల్లో ఈ పని చేయడానికి నీరటి ఉండేవాడు. చెరువు కట్ట మీద తిరుగుతూ, తూము తెరిచే వేళ, మూసే వేళ నిర్ణయిస్తూ, వాన రాత్రుల్లో మత్తడి దగ్గర కాపలా ఉంటూ, కట్ట ఎక్కడ చెమరుస్తోందో చూసి ఊరిని లేపిన ఆ నీరటి ఒక వృత్తి మాత్రమే కాదు, ఒక ముందస్తు హెచ్చరిక వ్యవస్థ. చెరువు కింద సాగు పోయి బస్తీలు వచ్చినప్పుడు నీరటి అవసరం కూడా పోయిందని అనుకోవడం పెద్ద పొరపాటు. కట్ట కింద వరి ఉన్న రోజుల కన్నా మనుషులు నిద్రించే ఇళ్లున్న ఈ రోజుల్లోనే ఆ అవసరం ఎక్కువ. గుర్రం చెరువు, పల్లెచెరువు, ఉందాసాగర్, జల్‌పల్లి చెరువు, మీర్ ఆలం చెరువు, వీటిలో ఒక్కొక్క దానికి నీటిమట్టాన్ని పదిహేను నిమిషాలకోసారి పంపే పరికరమొకటి, సెప్టెంబరు నుంచి నవంబరు చివరి వరకు రాత్రింబవళ్లు బాధ్యత వహించే మనిషి ఒకరు ఉండాలని ఈ లేఖ కోరుతోంది. పరికరం చెడిపోయే రాత్రి వాన రాత్రే అవుతుంది కనుక మనిషి తప్పనిసరి.

మూడవది నది నీరు. హైదరాబాద్‌కు పడమటగా వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ ఉన్నాయి, రెండు ప్రవాహాలు లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ వద్ద కలిసి పురానాపూల్ మీదుగా పాతబస్తీ అంచున సాగుతాయి. ఈ నీటికి గడువు అన్నిటికన్నా ఎక్కువ: కొండల మీద పడిన వాన జలాశయాలకు చేరడానికి గంటలు, గేట్ల నుంచి వదిలిన నీరు చాదర్‌ఘాట్ చేరడానికి మళ్లీ గంటలు పడతాయి, ప్రతి దశలోనూ కొలిచే వీలుంది. అయినా 2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి ప్రవేశించి ప్రయాణికులు చిక్కుకుపోయారు, మూసానగర్ వంటి ఒడ్డు బస్తీలవారు సామాన్లు వదిలి బయటపడవలసి వచ్చింది. జలాశయం నుంచి ఎన్ని గేట్లు ఎన్ని అడుగులు ఎత్తారన్న వార్త వస్తూనే ఉంటుంది. ఆ గేట్లు ఎత్తినందువల్ల ఎన్ని గంటలకు మూసానగర్‌లో నీరు ఏ మెట్టుకు వస్తుందన్న మాట మాత్రం రాదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహమని ఇంజనీరుకు తెలుసు, ఒడ్డున ఇల్లున్నవారికి తెలియవలసినది తమ గుమ్మం సంగతి. వాయుగుండం రాకను రెండు రోజుల ముందే నమూనాలు చెబుతున్నప్పుడు, నిండుకుండలా ఉన్న జలాశయం నుంచి కొంత నీటిని ముందే, పగటిపూట, చిన్న ప్రవాహంగా వదిలి చోటు చేసుకోవడం కూడా సూచనను వాడుకోవడంలో భాగమే. తాగునీటి నిల్వ తగ్గుతుందన్న భయం సహజమైనదే, కానీ అక్టోబరు వాయుగుండం ఎదురుగా ఉన్నప్పుడు ఆ భయానికి లొంగడం సరికాదు.

తీరం దాటిన తుఫాను అక్కడితో ముగియదనడానికి 2014 అక్టోబరును గుర్తు చేయాలి. ఆ నెల 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, బలహీనపడుతూ ఉత్తరానికి సాగి, రెండు రోజుల తరువాత నేపాల్ హిమాలయాల చలిగాలిలోకి తన తేమనంతా మోసుకుపోయింది. విశాఖలో కుండపోతగా కురిసిన ఆ సముద్రపు తేమలో మిగిలినదే అన్నపూర్ణ ప్రాంతంలో, మనాంగ్, ముస్తాంగ్ జిల్లాల్లో మంచు తుఫానుగా మారి, కనుమ దాటుతున్న పర్వత యాత్రికులు, దారి చూపేవారు, గొర్రెల కాపరులు కలిపి నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. తుఫాను అవశేషం అటు వస్తోందన్నది ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తూనే ఉంది. కొండ మీద నడుస్తున్నవారికి దానిని చేరవేసే ఏర్పాటు లేదు. ఎత్తైన కనుమలో మంచుకైనా, దక్కను పీఠభూమి మీద చెరువు వరదకైనా ఒకే నియమం వర్తిస్తుంది: తుఫాను పేరు వార్తల్లో వినిపించడం మానేసిన తరువాతనే తీరానికి దూరంగా ఉన్న ప్రాంతాలకు అపాయం మొదలవుతుంది.

తీరప్రాంతం ఈ పాఠాన్ని చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత తీరం వెంట తుఫాను రక్షణ భవనాలు వచ్చాయి, హెచ్చరిక వస్తే పల్లెలు ఖాళీ చేయించడం పరిపాలనకు అలవాటైన విధి అయింది. బంగ్లాదేశ్ 1972 నుంచి ఊరూరా శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తల ద్వారా ఇదే పని చేస్తోంది, అక్కడి తుఫాను మరణాలు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చాయి. హైదరాబాద్ సముద్రానికి దూరంగా ఉందన్న ధైర్యం వల్ల అటువంటి అలవాటు ఇక్కడ ఏర్పడలేదు. తీరంలో ఫలానా పల్లెవారు ఫలానా భవనానికి వెళ్లాలని రాసి ఉన్నట్టు, అల్ జుబైల్ కాలనీవారు ఏ బడికి, ఏ షాదీఖానాకు, ఏ దారిన వెళ్లాలో ముందే నిర్ణయించి ఉండాలి; ఆ దారి ముర్కి నాలాను దాటేది కాకూడదు.

హెచ్చరిక భాష గురించి ఒక మాట. పాతబస్తీ ఇళ్లలో ఎక్కువగా వినిపించేది దక్కనీ ఉర్దూ, తరువాత తెలుగు. రెండు భాషల్లో కూడా వానను గురించి జనం మాట్లాడే తీరు మిల్లీమీటర్లలో ఉండదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వద్ద హెచ్చరికలు పంపే సచేత్ వేదిక ఉంది. ఒక సెల్ టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి సందేశం చేర్చే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని దేశంలో 2023లో పరీక్షించారు. ఈ పద్ధతిలో నంబర్ల జాబితా అవసరం లేదు, టవర్ ఎంచుకుంటే బస్తీని ఎంచుకున్నట్టే. గుర్రం చెరువు ఎగువన రెండు గంటలుగా గట్టి వాన పడుతోందని, చెరువు మత్తడికి జానెడు దూరంలో ఉందని, దిగువ గల్లీలవారు పిల్లలను, వృద్ధులను రాత్రి పది గంటల్లోగా పై అంతస్తుకు చేర్చాలని ఉర్దూలో, తెలుగులో వచ్చే నాలుగు వాక్యాల సందేశం, రాష్ట్రంలో అక్కడక్కడ అత్యంత భారీ వర్షాలు అన్న వాక్యం కన్నా ఎన్నో రెట్లు విలువైనది. ఫోన్ ఆగిపోయిన ఇంటికి మసీదు మైకు ఉంది, గుడి మైకు ఉంది. అర్ధరాత్రి ఆ మైకు వాడమని చెప్పే అధికారం ఎవరికుందో మాత్రం ముందే రాతపూర్వకంగా తేలి ఉండాలి. లేకపోతే అనుమతి కోసం ఎదురుచూసే గంటలోనే నీరు వచ్చేస్తుంది.

ఇటీవలి సంవత్సరాల్లో నగరంలోని ఔత్సాహిక వాతావరణ పరిశీలకులు రాడార్ చిత్రాలను, స్వయంచాలక కేంద్రాల అంకెలను చదివి, ఏ వైపు నుంచి ఏ వైపుకు వాన జరుగుతోందో నిమిషాల్లో జనానికి చెబుతున్నారు. ప్రభుత్వ సమాచారం బహిరంగంగా ఉన్నందువల్లనే ఇది సాధ్యమైంది, ఆ బహిరంగత కొనసాగాలి, చెరువు మట్టాలకు, గేట్ల ప్రవాహానికి కూడా విస్తరించాలి. వారి పని మెచ్చదగినదే అయినా ప్రాణాల బాధ్యతను అభిరుచి మీద మోపడం న్యాయం కాదు. ఇల్లు ఖాళీ చేయమని చెప్పవలసినది అధికారం ఉన్న గొంతే.

వట్టి హెచ్చరికలవుతాయన్న సంకోచం అధికారులను వెనక్కి లాగుతుందన్నది వాస్తవం. బస్తీ స్థాయిలో సూచన చేస్తే కొన్నిసార్లు వాన పక్క బస్తీలో పడుతుంది, చెప్పినంత నీరు రాదు, జనం విసుక్కుంటారు. దానికి మందు సూచనను మళ్లీ అస్పష్టంగా మార్చడం కాదు, లెక్క చూపడం: ప్రతి ఏడాది డిసెంబరులో, ఆ కాలంలో చేసిన ప్రతి బస్తీ హెచ్చరికకు ఎదురుగా నిజంగా పడిన వాన, పెరిగిన మట్టం, సందేశం వెలువడిన గంట, నీరు వచ్చిన గంట అచ్చువేసి ప్రజల ముందు ఉంచాలి. సూచన శాస్త్రంలో దీనిని నిర్ధారణ అంటారు; ఎన్నిసార్లు చెప్పినది జరిగింది, ఎన్నిసార్లు జరగలేదు, ఎన్నిసార్లు చెప్పకుండానే జరిగింది అని మూడు లెక్కలూ చూసే పద్ధతి ఇది. మూడవ లెక్కలో ఒక్క ఇల్లు ఉన్నా అది మొదటి రెండిటికన్నా బరువైనది.

కనుక రాష్ట్ర కార్యనిర్వాహక సంఘం అధ్యక్షులుగా ప్రధాన కార్యదర్శి గారు, పైన పేర్కొన్న ఆరు కార్యాలయాల ప్రతినిధులు సెప్టెంబరు 15 నుంచి నవంబరు 30 వరకు ఒకే గదిలో కూర్చుని పనిచేసేలా ఉత్తర్వు ఇవ్వాలని, ఆ గది నుంచి వెలువడే హెచ్చరికకు సంతకం చేసే అధికారి పేరు హోదాతో సహా ప్రకటించాలని, పాతబస్తీకి చెందిన ఐదు చెరువుల మట్టాలకు, వాటి దిగువన ఉన్న బస్తీలకు, వెళ్లవలసిన ఆశ్రయాలకు సంబంధించిన పటాన్ని వచ్చే హస్త కార్తె ప్రవేశించే సెప్టెంబరు 27 కన్నా ముందే ఉర్దూలో, తెలుగులో ముద్రించి ప్రతి రేషన్ దుకాణం వద్ద అంటించాలని ఈ లేఖ వినయపూర్వకంగా కోరుతోంది. ఐదు చెరువులకూ ఒకేసారి సాధ్యం కాని పక్షంలో గుర్రం చెరువుతో మొదలుపెట్టవచ్చు.

హైదరాబాద్, పాతబస్తీ